ఫెర్రీలో వాంతుల సంగతి తర్వాత, ముందు నాన్నగారి ‘గ్యాస్’ సంగతి చూడండి

ప్రశ్న: వచ్చే నెల మా కుటుంబం ఏడు రోజుల క్రూజ్‌కి వెళ్తోంది. ఒక రేవులో ఓడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆగుతుంది. ఆ రోజు మేం సొంతంగా ఫెర్రీ ఎక్కి దగ్గర్లో ఉన్న దీవికి వెళ్లి రావాలనుకుంటున్నాం, గంటంబావు ప్రయాణం. నాకు, మా నాన్నగారికి ప్రయాణాల్లో వాంతులవుతాయి. ఆయనకు 66 ఏళ్లు, 14 ఏళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి, ప్రొస్టేట్‌కి మందు వాడుతున్నారు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, డాపాగ్లిఫ్లోజిన్ వేసుకుంటారు. మా ఫ్రెండ్ చెవి వెనక అంటించుకునే ప్యాచ్‌లు ఇచ్చింది. ఆ ప్యాచ్, వాంతి మాత్ర రెండూ ఒకేసారి వాడొచ్చా? దీవిలో దిగాక కూడా కళ్లు తిరుగుతాయంటారు, నిజమేనా? నాన్నగారికి ఈమధ్య మెట్లెక్కితే ఛాతీలో గ్యాస్ పట్టేస్తోంది, పాంటోప్రజోల్ వేసుకుని కాసేపు కూర్చుంటే తగ్గిపోతోంది. అది తప్ప ఆరోగ్యంగానే ఉన్నారు. - ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు అడిగింది ప్యాచ్ గురించి. దానికీ వస్తాను. కానీ చివర్లో మాటవరసకి రాసినట్టు రాసిన ఆ గ్యాస్ సంగతి చదివాక ముందు దాని గురించే చెప్పాలనిపించింది. మెట్లెక్కితే వస్తోంది, కూర్చుంటే పోతోంది. పద్నాలుగేళ్ల షుగర్, దానికి తోడు బీపీ ఉన్న మనిషి విషయంలో ఈ మాట ఎవరు చెప్పినా, గుండె సంగతి తేల్చుకున్నాకే నేను గ్యాస్ దాకా వెళ్తాను. మనిషిని చూడకుండా ఇది గుండె జబ్బే అని రాయలేను, రాయకూడదు కూడా. కానీ కాదని తేలేవరకూ అదే అనుకుని నడుచుకోవాలి.

పాంటోప్రజోల్‌తో తగ్గుతోందని మీకు ధైర్యంగా ఉంది. ఈసారి వచ్చినప్పుడు ఆయన ఏం చేస్తున్నారో పక్కనుండి చూడండి. మెట్ల మీద ఆగుతారు, వచ్చి కూర్చుంటారు, మాత్ర వేసుకుంటారు, ఐదు నిమిషాల్లో తేలికపడతారు. ఐదు నిమిషాల్లో పనిచేసే మందు కాదమ్మా అది, దానికి గంటలు పడుతుంది. తగ్గించింది మాత్ర కాకపోవచ్చు, కూర్చోవడమే కావచ్చు. గ్యాస్ అంటూ వచ్చిన పేషెంట్లని ‘ఎక్కడో చేత్తో చూపించండి’ అంటాను. కొందరి చెయ్యి పొట్ట దగ్గరికి పోదు, పిడికిలి బిగించి రొమ్ము ఎముక మీద పెడతారు. మీ నాన్నగారినీ అడగండి. ఆయన పొట్టే చూపించినా సరే, డాక్టర్ దగ్గరికి వెళ్లడం మాత్రం మానకండి.

నా పేషెంట్లతో ఎప్పుడూ గొడవపడేది ఈ సొంత వైద్యం దగ్గరే. ఒక మాత్రతో తగ్గినట్టు అనిపిస్తే చాలు, జబ్బు పేరు కూడా మనమే పెట్టేసుకుంటాం. ఎన్నాళ్ల నుంచి ఇలా ఉందో మీరు రాయలేదు, ‘ఈమధ్య’ అన్నారు. ఆ ఈమధ్య రెండు వారాలా, రెండు నెలలా అన్నది డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న, గుర్తుచేసుకుని వెళ్లండి. అంతకుముందు మూడో అంతస్తులో వచ్చేది ఇప్పుడు మొదటి అంతస్తులోనే వస్తున్నా, కూర్చుని ఉండగా వచ్చినా, నిద్రలో లేపినా ఇక అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు, నేరుగా ఎమర్జెన్సీకే తీసుకెళ్లండి.

అలాంటిదేమీ లేకపోయినా ఈ వారంలోనే ఒక కార్డియాలజిస్ట్‌కి చూపించండి. పడుకోబెట్టి తీసిన ఈసీజీ నార్మల్‌గా వచ్చిందని సంబరపడి వచ్చేయకండి, రక్తనాళంలో అడ్డు ఉన్నా విశ్రాంతిగా ఉన్నప్పుడు తీసిన ఈసీజీలో ఏమీ కనపడకపోవచ్చు. ఎకో, ట్రెడ్‌మిల్, సీటీ యాంజియోగ్రామ్, వీటిలో ఏది అవసరమో ఆయన్ని చూసిన డాక్టరే చెప్పాలి. ల్యాబ్ ప్యాకేజీలో ఉంది కదా అని ట్రెడ్‌మిల్ మీద మీరే ఎక్కించేయకండి. ఇంట్లో ఆస్పిరిన్ ఉంది కదా అని మీ అంతట మీరు రోజూ వేయడం మొదలుపెట్టకండి.

ఇంత గట్టిగా చెప్పడానికి మీ ఫెర్రీ ప్రయాణమే కారణం. చాలా ఏళ్లుగా షుగర్ ఉన్నవాళ్లలో నరాలు దెబ్బతిని, గుండెపోటు వచ్చినా నొప్పి సరిగా తెలియకపోవచ్చు. ఆయాసం, చల్లటి చెమట, నీరసం, వికారం, వాంతి, ఇలా బయటపడుతుంది. ఇప్పుడు ఆ ఊగే ఫెర్రీలో ఒక పెద్దాయన ముఖం పాలిపోయి, చెమటలు కారుతూ, కవరులోకి వాంతి చేసుకుంటున్నారనుకోండి. చుట్టూ ఉన్నవాళ్లంతా సముద్రం పడలేదులే అంటారు. వాంతులు మామూలే కదా అని మీరూ ఇంకో మాత్ర ఇచ్చి పడుకోబెడతారు. అక్కడ పోయే గంట మళ్లీ రాదమ్మా. పెద్ద క్రూజ్ ఓడల్లో సాధారణంగా డాక్టరు, ఈసీజీ మిషను, అత్యవసర మందులు ఉంటాయి. ఫెర్రీలో అవన్నీ ఉంటాయనుకోలేం, చిన్న దీవిలో పెద్ద ఆసుపత్రీ ఉండకపోవచ్చు. ఆయనకి అలా అయితే అక్కడి సిబ్బందికి ‘సీ సిక్‌నెస్’ అని చెప్పకండి, షుగర్ పేషెంటు, ఛాతీలో ఇబ్బంది అని చెప్పండి.

ఇక ప్యాచ్. ఫ్రెండ్‌కి పడిన మందు మీ నాన్నగారికి పడాలని లేదు. అందులో సాధారణంగా ఉండేది స్కోపోలమైన్ అనే మందు, ఒకటి అంటిస్తే మూడు రోజులు పనిచేస్తుంది. ప్రొస్టేట్ వాపు ఉన్నవాళ్లకి దీనితో మూత్రం పూర్తిగా బిగుసుకుపోవచ్చు. ఫెర్రీ మధ్యలో మూత్రం ఆగిపోతే ఆ బాధ పడేవాళ్లకే తెలుస్తుంది, క్యాథెటర్ (మూత్రం బయటికి తీసే గొట్టం) వేసేదాకా ఉపశమనం ఉండదు. కొన్ని రకాల గ్లకోమా (కంటి నరాన్ని దెబ్బతీసే జబ్బు) ఉన్నవాళ్లకీ ఇది పనికిరాదు, మీ నాన్నగారి కళ్లు చివరిసారి ఎప్పుడు చూపించారు? పైగా పెద్దవాళ్లలో మగత, తికమక తెస్తుంది. కాబట్టి ఆయనకి ప్యాచ్ వద్దు. ప్యాచ్, మాత్ర కలిపి అసలే వద్దు, వాంతులకి వాడే చాలా మాత్రలు కూడా అటూ ఇటూగా ఇదే పని చేస్తాయి, రెండూ కలిస్తే ఈ ఇబ్బందులన్నీ ఎక్కువవుతాయి.

ఒకావిడ ఇలాగే ఎవరో ఇచ్చిన ప్యాచ్ తీసేసి, ఆ చేత్తోనే కన్ను నలుపుకున్నారు. ఒక కంటిపాప పెద్దదైపోయి చూపు మసకబారింది. పక్షవాతమేమోనని ఇంటిల్లిపాదీ ఏడుస్తూ వచ్చారు. తల స్కాన్ అయ్యాక గానీ ప్యాచ్ మాట ఎవరూ చెప్పలేదు, అది మందు అని వాళ్లకి తట్టనే లేదు. డాక్టర్ ‘ఏం మందులు వాడుతున్నారు’ అని అడిగితే ప్యాచ్‌లు, చుక్కలు, ఫ్రెండ్ ఇచ్చినవి, అన్నీ చెప్పండి.

‘వాంతి మాత్ర’ అని మీరు రాసింది ఏదో నాకు తెలీదు. ఇళ్లలో ఎక్కువగా ఉండేది ఆన్‌డాన్‌సెట్రాన్, అది ప్రయాణపు వాంతులకి పెద్దగా పనిచేయదు. మీకు వేరే జబ్బులు, గర్భం, పాలిచ్చే బిడ్డ లేకపోతే మెక్లిజిన్, సినారిజిన్ లాంటివి మీ డాక్టర్ రాయొచ్చు. కదిలాక కాదు, ఫెర్రీ కదలడానికి గంట, రెండు గంటల ముందే వేసుకోవాలి. మొదటిసారి ఇంట్లో ఏ సెలవురోజో వేసుకుని ఎంత మత్తు వస్తుందో చూసుకోండి, మద్యం మాత్రం ఆ రోజు వద్దు. నాన్నగారికి ఏదైనా మాత్ర ఇవ్వాలంటే ప్రొస్టేట్ సంగతి చెప్పి మరీ రాయించుకోండి. ఓడలో మూడు రోజులు హాయిగా గడిచింది కాబట్టి ఫెర్రీలోనూ అంతే అనుకోకండి, పెద్ద ఓడకి ఊగిసలాట తగ్గించే ఏర్పాట్లుంటాయి, చిన్న ఫెర్రీ ప్రతి అలకీ లేస్తుంది. మధ్యలో, కింది వరుసలో, వెళ్లే దిక్కుకి ముఖం పెట్టి కూర్చోండి, ఫోన్ లోపల పెట్టి దూరంగా నీళ్లూ ఆకాశం కలిసేచోట చూస్తూ ఉండండి. ఖాళీ కడుపుతో ఎక్కొద్దు, నిండా తినీ ఎక్కొద్దు.

నాన్నగారి షుగర్ మందులతో వచ్చే ఇబ్బందులూ సముద్రం పడకపోవడంలాగే కనిపిస్తాయి, అదీ చిక్కు. గ్లిమెపిరైడ్ వేసుకుని, తిన్నది వాంతి అయిపోతే షుగర్ పడిపోవచ్చు. అప్పుడూ చెమట, వణుకు, వికారమే. కాబట్టి గ్లూకోమీటర్ చేతి సంచీలో ఉండాలి. 70 కంటే తగ్గితే మూడు నాలుగు చెంచాల చక్కెరో గ్లూకోజో నీళ్లలో కలిపి ఇచ్చి, 15 నిమిషాలాగి మళ్లీ చూడండి. మగతగా ఉంటే నోట్లో ఏమీ పోయకండి. డాపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్లకి వాంతులై తిండీ నీళ్లూ తగ్గితే, షుగర్ మరీ ఎక్కువ లేకుండానే ఒంట్లో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు తయారయ్యే ఆమ్లాలు) పెరిగే ప్రమాదం ఉంది, అదీ వాంతులతోనే బయటపడుతుంది. ఏ మందు ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలో మీ డాక్టర్‌తో ముందే కాగితం మీద రాయించుకోండి. అక్కడికెళ్లాక ఫోన్‌లో వెతుక్కుని మీరే ఆపడం, మొదలుపెట్టడం చేయకండి.

మందులన్నీ ఓడ గదిలో వదిలి దీవికి వెళ్లొద్దు. సొంతంగా వెళ్లినవాళ్ల కోసం ఓడ ఆగదు, గాలి ఎక్కువైతే తిరుగు ఫెర్రీలు రద్దవుతాయి. ఓడ వెళ్లిపోతే తర్వాతి రేవుకి మీరే చేరుకోవాలి, అప్పటిదాకా ఆయన బీపీ, షుగర్ మాత్రలు చేతిలో లేకపోతే ఏం చేస్తారు? కనీసం రెండు మూడు రోజులకి సరిపడా మందులు, అసలు ప్రిస్క్రిప్షన్ సంచీలో ఉండాలి. చివరి ఫెర్రీ నమ్ముకోకుండా దానికి ముందుదానికే వచ్చేయండి. ప్రయాణ బీమాలో షుగర్, బీపీ దాచకుండా రాయండి, ఇప్పుడు ఈ ఛాతీ పరీక్షల సంగతి కూడా.

దిగాక నేల ఊగుతున్నట్టు ఉండటం నిజమే, మామూలుగా కొన్ని గంటల్లో, మహా అయితే ఒకటి రెండు రోజుల్లో పోతుంది. కానీ మూతి వంకరపోవడం, మాట తడబడటం, ఒక పక్క బలహీనత ఉంటే అది ఫెర్రీ వల్ల వచ్చిన తూలుడు కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

నాన్నగారిని దీవికి తీసుకెళ్లొచ్చా లేదా అన్నది రిపోర్టులు చూసిన కార్డియాలజిస్ట్ చెప్పాలి, నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. ఆ డాక్టర్ వెళ్లొచ్చంటే సంతోషంగా వెళ్లండి. ఇప్పుడు తీసే ఈసీజీని మాత్రం ఫోన్‌లో స్పష్టంగా ఫొటో తీసి పెట్టుకోండి. అక్కడ అర్ధరాత్రి ఏదైనా ఇబ్బంది వస్తే, కొత్త ఈసీజీలో కనపడిన మార్పు పాతదా అప్పుడే వచ్చిందా అని తేల్చుకోవడానికి ఓడలోని డాక్టర్‌కి అదే కావాలి.