ఒకే శాటిలైట్ రేడియో ఇంట్లోనూ కారులోనూ పనిచేస్తుందా?

పనిచేస్తుంది, అమెరికాలో సిరియస్ ఎక్స్‌ఎం అనే శాటిలైట్ రేడియో సేవ వినాలంటే ‘డాక్ అండ్ ప్లే’ రకం (డాక్ అనే స్టాండ్‌లోంచి తీసి మరో చోటి డాక్‌లో పెట్టుకునే) రిసీవర్ ఒకటి, చందా ఒకటి చాలు. చందా కారుకు కాదు, రిసీవర్‌కు ఉన్న రేడియో ఐడీకి (దాని గుర్తింపు సంఖ్యకు) ముడిపడి ఉంటుంది. కాబట్టి అదనంగా కొనాల్సింది రెండో చోటికి డాక్, యాంటెన్నా, పవర్ అడాప్టర్ ఉన్న కిట్ మాత్రమే.

అసలు చిక్కు ఇంట్లోనే. దాదాపు 2.3 గిగాహెర్ట్జ్ దగ్గర వచ్చే ఈ సిగ్నల్ చాలా బలహీనం, గోడలు దాటి లోపలికి రావడం కష్టం. కారు యాంటెన్నా పైకప్పు మీద ఉంటుంది కనుక ఆ ఇబ్బంది తక్కువ. సిగ్నల్ పంపే భూస్థిర ఉపగ్రహాలు (భూమి నుంచి చూస్తే ఒకేచోట నిలిచినట్టు కనిపించేవి) భూమధ్యరేఖ పైన ఉంటాయి కాబట్టి ఇంట్లో యాంటెన్నాకు దక్షిణం వైపు ఆకాశం కనిపించాలి. ఉదాహరణకు, కిటికీలన్నీ ఉత్తరం వైపే ఉన్న అపార్ట్‌మెంట్‌లో హోమ్ కిట్ మొరాయించవచ్చు. అలాంటి చోట ఇంటర్నెట్‌లో యాప్ ద్వారా వినడమే మేలు. కారు స్టీరియోకు ఆక్స్ సాకెట్ (బయటి పరికరాన్ని తీగతో కలిపే రంధ్రం) ఉంటే రిసీవర్‌ను దానికే కలపండి, కారు ఎఫ్ఎం రేడియో ద్వారా వినేలా కలిపితే నగరాల్లో గరగర తప్పదు.

‘పోర్టబుల్’ అనగానే జేబులో ట్రాన్సిస్టర్‌లా పాడుతుందని చాలామంది అనుకుంటారు. ఈ రకం రిసీవర్లలో చాలావాటికి బ్యాటరీయే ఉండదు, డాక్ నుంచి తీయగానే ఆగిపోతాయి.