డబ్బులిచ్చి థీసిస్ రాయించొచ్చా?

ప్రశ్న: మా పాప బీఎస్సీ నర్సింగ్ అయ్యాక తిరుపతిలో ఒక ఆస్పత్రి డయాలసిస్ యూనిట్‌లో రెండేళ్లు పనిచేసింది. ఇప్పుడు ఎమ్మెస్సీ నర్సింగ్ మొదటి సంవత్సరం. థీసిస్ చేయాలంట, టెన్షన్‌తో నిద్ర పోవడం లేదు. డబ్బులిస్తే రాసిచ్చేవాళ్లు ఉన్నారంటున్నారు. ఇవ్వమంటారా? అసలు నర్సుకు రీసెర్చ్ ఎందుకు? – ఒక తండ్రి, పలమనేరు

జవాబు: ఇవ్వొద్దండి. అలా రాయించుకున్న ఒక అమ్మాయి వైవా (నోటి పరీక్ష) అయ్యాక నా ముందు కూర్చుని ఏడ్చింది. ఈ రోగులనే ఎందుకు తీసుకున్నావని ఎగ్జామినర్ అడిగితే, తన థీసిస్ గురించి తనే చెప్పలేకపోయింది. అంతకన్నా నన్ను బాధపెట్టేది ఇంకొకటి ఉంది. బయటివాళ్లు రాసిచ్చే లెక్కల వెనక రోగులే ఉండరు. వాటిని నిజమనుకుని రేపు ఇంకో నర్సు తన వార్డులో పాటిస్తే నష్టపోయేది మంచం మీదున్న మనిషి.

నర్సుకు రీసెర్చ్ ఎందుకన్నారు. డయాలసిస్‌కు వచ్చే మనిషికి ప్రతిసారీ చేతి ఫిస్టులాలో, అంటే డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి ధమనికి కలిపిన సిరలో, రెండు లావుపాటి సూదులు గుచ్చుతారు. వారానికి రెండు మూడుసార్లు ఇదే నొప్పి. ముందుగా ఐసు రుద్దితే నొప్పి తగ్గుతుందా? నీళ్లు తక్కువ తాగమని ఎలా చెబితే రోగి వింటాడు? ఇవి డాక్టరు కన్నా ముందు నర్సుకు తట్టే ప్రశ్నలు. మీ పాప రెండేళ్లు అక్కడే పనిచేసింది కాబట్టి సగం దారి ముందే నడిచినట్టు.

ఉదాహరణకు నీళ్ల విషయమే తీసుకుందాం. ఒక డయాలసిస్‌కూ మరో డయాలసిస్‌కూ మధ్య ఒంట్లో నీరు చేరి రోగి ఎంత బరువు పెరిగాడో యూనిట్‌లో ఎలాగూ రాస్తారు. కొందరికి నీళ్లు, ఉప్పు గురించి ప్రత్యేకంగా నేర్పి, మిగతావాళ్లకు మామూలుగా చెప్పి, బరువులు పోల్చి చూడొచ్చు. కానీ పక్కపక్క మంచాల్లో నాలుగు గంటలు పడుకునేవాళ్లు మాట్లాడుకోకుండా ఉంటారా? ఒకరికి చెప్పింది ఇంకొకరికి తెలిసిపోతుంది. అందుకని సోమ, బుధ, శుక్రవారాల్లో వచ్చేవాళ్లను ఒక గుంపుగా, మంగళ, గురు, శనివారాల్లో వచ్చేవాళ్లను ఇంకో గుంపుగా తీసుకోవాలి. ఇలాంటి చిక్కులు ముందే పట్టుకోవడానికే గైడ్ ఉండేది. గైడ్ తిడతారని దాక్కోవద్దని పాపకు చెప్పండి.

మన వైపు ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. తిరుపతి ఆస్పత్రులకు తమిళం మాత్రమే వచ్చిన రోగులూ వస్తారు. రోగులను అడిగే ప్రశ్నల పత్రం తెలుగులోనే ఉంటే వాళ్లను వదిలేయాల్సి వస్తుంది. తమిళంలోకి మార్చాక, ఇంకొకరితో మళ్లీ వెనక్కి అనువదింపజేసి అర్థం మారలేదని చూసుకోవాలి.

రీసెర్చ్ వల్ల రోగులకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి చేతికొచ్చేదాకా ఒక్క రోగిని కూడా అడగకూడదు. తర్వాతైనా సమ్మతి పత్రం పాప చేత్తో ఇవ్వకపోతేనే మంచిదని నా అభిప్రాయం. రోజూ తనకు సూది వేసిన సిస్టరమ్మ అడిగితే ఏ రోగి కాదంటాడు? యూనిట్‌తో సంబంధం లేనివాళ్లు అడిగితే, ఇష్టం లేనివాళ్లు ధైర్యంగా వద్దనగలుగుతారు.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ సిలబస్ ప్రకారం మొదటి ఏడాది 9వ నెల చివరికి ప్రపోజల్ (ఏం చేయబోతున్నారో చెప్పే పత్రం), రెండో ఏడాది 9వ నెల చివరికి థీసిస్ ఇవ్వాలి. కాలేజీ తేదీలు కనుక్కోండి. లెక్కలు కట్టేచోట స్టాటిస్టిక్స్ తెలిసినవాళ్ల సాయం గైడ్‌కు చెప్పి తీసుకోవచ్చు, అది తప్పు కాదు.

ఉద్యోగం మాట కూడా చెబుతాను. ప్రభుత్వ స్టాఫ్ నర్సు పోస్టే మీ లక్ష్యమైతే దానికి ఎమ్మెస్సీ అక్కర్లేదు. కాలేజీలో పాఠాలు చెప్పాలన్నా, పీహెచ్‌డీ చేయాలన్నా మాత్రం ఈ థీసిస్సే పునాది. కొత్త మందుల ట్రయల్స్ జరిగే ఆస్పత్రుల్లో రీసెర్చ్ కోఆర్డినేటర్ పనికీ ఈ అనుభవం పనికొస్తుంది.

ఈ రాత్రి ఫోన్ చేసినప్పుడు థీసిస్ ఊసెత్తకండి. "యూనిట్‌లో పనిచేసేటప్పుడు నిన్ను బాగా బాధపెట్టిందేంటి తల్లీ?" అని అడగండి. పాప చెప్పింది చెప్పినట్టు ఒక కాగితం మీద రాసుకుని, రేపు గైడ్ దగ్గరికి తీసుకెళ్లమనండి.