ముప్పై ఎనిమిది వేల వైరు ఇంటికొస్తే

ప్రశ్న: నేను రాజమండ్రిలో బ్యాంకు ఉద్యోగిని. పాత యాంప్లిఫయర్లు బాగుచేయడం, వాటి మీద యూట్యూబ్‌లో వీడియోలు పెట్టడం నా సరదా. సబ్‌స్క్రైబర్లు నాలుగు వేలు దాటలేదు. ఈమధ్య కేబుళ్లు అమ్మే ఒకాయన మెయిల్ పెట్టారు. 3 మీటర్ల స్పీకర్ వైర్ల జత పంపుతారట, ధర 38 వేలు. మీరే ఉంచేసుకోండి, నిజాయితీగా రివ్యూ చేస్తే చాలు అన్నారు. తీసుకోమంటారా? తీసుకుంటే నా మాట మీద నమ్మకం పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది సార్.

జవాబు: ఈ ఏడాది ఇదే గొడవ మీద వచ్చిన ఐదో ఉత్తరం మీది. ఒకరికి స్పీకర్ వైరు, ఒకరికి యూఎస్‌బీ కేబులు, ఇంకొకరికి ఏకంగా కరెంటు ప్లగ్గు వైరు. అందరికీ చెప్పే మాట ఒకటే: "నిజాయితీగా చెప్పండి చాలు". ఉంచేసుకోమన్నాక నిజాయితీ ఎంత కష్టమో వాళ్లకు తెలుసు. మీకూ తెలుసు కాబట్టే ఉత్తరం రాశారు.

లెక్క చూద్దాం. బజార్లో దొరికే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు కరెంటుకు మీటరుకు 11 మిల్లీఓమ్‌ల (ఓమ్‌లో వెయ్యో వంతు) పైచిలుకు అడ్డుపడుతుంది. 3 మీటర్ల వైరు అంటే పోనూ రానూ 6 మీటర్లు, మొత్తం 0.07 ఓమ్. దానివల్ల 8 ఓమ్‌ల స్పీకర్లో తగ్గే శబ్దం 0.1 డెసిబెల్ కూడా ఉండదు. మీ 38 వేల వైరు ఆ నష్టాన్ని మొత్తం పూడ్చినా దక్కేది అంతే. రాగి పూత పూసిన అల్యూమినియం తీగని రాగి పేరుతో అంటగడితే మాత్రం అడ్డు సుమారు ఒకటిన్నర రెట్లవుతుంది. చివర బ్లేడుతో గీకండి, ఎర్రటి పూత కింద తెల్లగా కనిపిస్తే అదే.

"లెక్కలు సరే, నా చెవికి తేడా వినిపించింది" అంటారు. నాకూ వినిపించింది. రెండేళ్ల క్రితం ఒక మిత్రుడి ఖరీదైన వైరు తెచ్చి, ఇంటర్ చదివే మా అబ్బాయిని పరదా వెనక కూర్చోబెట్టాను. 16 సార్లు పాట వేయాలి, ప్రతిసారీ నాణెం ఎగరేసి ఏది పడితే ఆ వైరు తగిలించాలి, ఏం తగిలించాడో కాగితం మీద రాసుకోవాలి. నేను ఇవతల నోట్‌బుక్‌తో కూర్చుని "ఈసారి గొంతు ముందుకొచ్చింది", "తబలా తేటపడింది" అని తెగ రాశాను. అయ్యాక వాడి కాగితం చూస్తే మొదటి ఆరుసార్లూ ఒకటే వైరు! నాణెమూ లేదు, మార్పూ లేదు, స్క్రూడ్రైవర్ చప్పుడు చేస్తూ ఫోన్ చూసుకున్నాడు. "స్క్రూలు విప్పడం బోర్ కొట్టింది నాన్నా" అన్నాడు. ఆ ఆరింటిలో నాలుగుసార్లు వైరు మారిందని నేను రాసి ఉన్నాను.

కాబట్టి మీరు పరీక్ష చేస్తే పరదా ఉండాల్సిందే. వైరు మార్చే మనిషి మీకు కనిపించకూడదు, మాట్లాడకూడదు. వాల్యూమ్ నాబ్ ముట్టుకోకూడదు, రవ్వంత ఎక్కువ మోగినదాన్నే చెవి మంచిదంటుంది. 16లో 12 సరిగ్గా చెప్పాలని పరీక్షకు ముందే కెమెరా ముందు ప్రకటించండి. గుడ్డిగా ఊహించి 12 గానీ అంతకు మించి గానీ కొట్టే అవకాశం నూటికి నాలుగు లోపే. 9 వస్తే 9 అనే చెప్పండి. ఇంకోటి, పాత వైరు చివర నల్లబడో, చిలుము పట్టో ఉంటుంది. దాన్ని కత్తిరించి కొత్త తీగ తేల్చి బిగించాకే పోలిక మొదలుపెట్టాలి. చాలా వీడియోల్లో ఈ శుభ్రం చేసిన ఫలితమే కొత్త వైరు ఖాతాలో పడుతోంది.

వైరు ఉంచేసుకుంటే ఇంకో చిక్కు. ఉచితంగా వచ్చిందని చెప్పి తీరాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలోనే చెప్పింది. అదీ వీడియో ఏ భాషలో ఉంటే ఆ భాషలో. మూలన చిన్న ఇంగ్లిష్ ముక్క పెడితే కుదరదు. ఏడాదికి 20 వేలు దాటిన ఇలాంటి కానుకల మీద 10 శాతం టీడీఎస్ లెక్క కూడా 2022 జూలై నుంచి వచ్చింది, వాడుకుని తిరిగిచ్చేస్తే ఆ లెక్కలోకి రాదు. పైగా మీరు బ్యాంకు ఉద్యోగి. కానుకల మీద మీ సర్వీసు నియమాలు ఏమంటున్నాయో చూసుకోండి.

ఇంతకీ ఆ మెయిల్‌కు ఫైలేమైనా తగిలించి ఉందా? నన్ను భయపెట్టేది ఇదే. పాస్‌వర్డ్ పెట్టిన జిప్ ఫైలు, పేరు "ఒప్పందం", పాస్‌వర్డ్ మెయిల్లోనే. తాళం వేసిన జిప్ లోపలికి యాంటీవైరస్ చూడలేదు, అందుకే ఆ తాళం. ప్రకటనల ఒప్పందం పేరుతో యూట్యూబర్లకు వల వేస్తున్న ముఠాల గురించి గూగుల్ భద్రతా బృందం 2021 అక్టోబరులో వివరంగా రాసింది. ఫైలు తెరిస్తే అది మీ బ్రౌజర్‌లోని లాగిన్ కుకీని, అంటే మీరు లాగిన్ అయ్యారని గుర్తుంచుకునే చీటీని ఎత్తుకుపోతుంది. పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఓటీపీ రాదు, అప్పటికే లాగిన్ అయిన మనిషిగా దొంగ లోపలికొస్తాడు. తెల్లారేసరికి మీ చానల్లో క్రిప్టో కరెన్సీ పేరుతో మోసపు లైవ్ వీడియో నడుస్తుంటుంది. ఏం చెప్పదలిచినా మెయిల్లోనే టైప్ చేసి పంపమనండి. నిజమైన వ్యాపారికి అది కష్టం కాదు. ఇప్పటికే తెరిచేసి ఉంటే, వేరే ఫోన్ నుంచి అన్ని పరికరాల్లోనూ లాగౌట్ కొట్టి, పాస్‌వర్డ్ మార్చి, ఆ కంప్యూటర్‌ని ఫార్మాట్ చేయండి.

అసలు పరీక్షించాల్సిన వైర్లు వేరే ఉన్నాయి, వాటిని మాత్రం ఎవరూ పంపరు. యూఎస్‌బీ-సీ కేబుళ్లు చూడండి. అన్నిటికీ ఒకటే మూతి. ఒకటి చార్జింగే చేస్తుంది, ఒకటి డేటా పంపుతుంది, ఇంకోటి 60 వాట్ల దగ్గర ఆగిపోతుంది. చాలావాటి మీద ఒక్క అక్షరం ముద్రించరు, ఏం పాపం చేశాం మనం? గూగుల్ ఇంజినీరు బెన్సన్ లియుంగ్ 2015లో ఇలాంటివి ఒక్కొక్కటే పరీక్షించడం మొదలుపెట్టారు. ఎంత కరెంటు లాగొచ్చో ఫోన్‌కు చెప్పే రెసిస్టర్ (అడ్డు) 56 కిలోఓమ్‌లు ఉండాల్సిన చోట 10 కిలోఓమ్‌లు పెట్టినవి పట్టుకున్నారు. 2016లో ఒక కేబుల్లో పవర్, గ్రౌండ్ తారుమారై ఆయన సొంత ల్యాప్‌టాపే పాడైంది. జనానికి పనికొచ్చిన కేబుల్ రివ్యూ అంటే అది.

మీ ప్రశ్నకు వస్తాను. ఆయనకు ఇలా రాయండి: "పరదా పరీక్ష చేస్తాను. ఫలితం ఏదైనా మీకు ముందు చూపించకుండా వీడియో పెడతాను. పదిహేను రోజుల్లో వైరు తిప్పి పంపుతాను." ఇదే ఉత్తరం నేను ఇద్దరికి రాశాను. ఒకరు మళ్లీ పలకలేదు. రెండో ఆయన పంపారు, 16లో నాకు 7 వచ్చాయి, అదే చెప్పాను. తిరుగు కొరియర్ 180 రూపాయలు మాత్రం నా జేబులోంచే పోయాయి.