కిడ్నీ మార్పిడి కోసం ప్లాటు ఇప్పుడే అమ్మాలా?

ప్రశ్న: మాది విజయవాడ, పటమట. ఆటోనగర్‌లో విడిభాగాల కంపెనీలో అకౌంటెంటుగా పనిచేసే మావారికి (43 ఏళ్లు) నాలుగు నెలల కిందట గుడ్‌పాశ్చర్ సిండ్రోమ్ అని తేలింది. ప్లాస్మా మార్పిడి, మందులతో ఊపిరితిత్తులు కోలుకున్నాయి గాని కిడ్నీలు కోలుకోలేదు. వారానికి మూడుసార్లు డబ్బు కట్టి డయాలసిస్ చేయిస్తున్నాం. ఆయన జీతం 28 వేలు, ఇప్పుడు సగమే వస్తోంది. ప్రైవేటు బడిలో నా జీతం 12 వేలు. నాలుగేసి లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్లు రెండు, గన్నవరం దగ్గర 200 గజాల ప్లాటు, 50 నెలల 5 లక్షల చీటీ (32 నెలలు కట్టాం), 2019లో తీసుకున్న 50 లక్షల టర్మ్ పాలసీ (జీవిత బీమా) ఉన్నాయి. కంపెనీ ఇచ్చిన 5 లక్షల ఆరోగ్య బీమా ఈ ఏడాదికి అయిపోయింది. ఆసుపత్రి కోసం రెండు రూపాయల వడ్డీకి 4 లక్షలు తెచ్చాం. కిడ్నీ నేనే ఇవ్వాలనుకుంటున్నాను. ప్లాటు వెంటనే అమ్మేయమని బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు? కొత్త ఆరోగ్య పాలసీ తీసుకోవచ్చా?

జవాబు: ప్లాటు ఇప్పుడే అమ్మవద్దు. దీనికి కారణం భూముల ధరలు కాదు, ఈ వ్యాధి నడిచే తీరు.

గుడ్‌పాశ్చర్ సిండ్రోమ్ ఏడాదికి పది లక్షల మందిలో దాదాపు ఒకరికి వచ్చే అరుదైన వ్యాధి. శరీరంలోని రోగనిరోధక వ్యవస్థే ఊపిరితిత్తుల్లోనూ కిడ్నీల వడపోత పొరల్లోనూ ఉండే కొలాజెన్ అనే ఒక ప్రొటీన్‌పై యాంటీబాడీలను తయారుచేసి దాడి చేస్తుంది. లూపస్ వంటి జబ్బుల్లా ఇది మళ్లీమళ్లీ తిరగబెట్టడం అరుదు కాబట్టి, ఇకపై మీ ఖర్చును కిడ్నీ వైఫల్యం ఖర్చుగా లెక్కించుకోవచ్చు. పైగా రక్తంలో ఆ యాంటీబాడీలు కనిపించకుండా పోయాక కనీసం ఆరు నెలలు ఆగితే గాని సాధారణంగా కిడ్నీ మార్పిడికి వైద్యులు ఒప్పుకోరు. అంటే ఆ పెద్ద ఖర్చుకు ఇంకా వ్యవధి ఉంది. ఆ పరీక్ష ఎప్పుడు నెగెటివ్‌గా వచ్చిందో, అసలు వచ్చిందో లేదో నెఫ్రాలజిస్టును అడిగి, ఆ తేదీ నుంచి మీ డబ్బు లెక్క మొదలుపెట్టండి.

వెంటనే చేయాల్సిన పని అప్పు తీర్చడం. రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన 4 లక్షలపై నెలకు 8 వేలు, ఏడాదికి 96 వేలు కడుతున్నారు. మీ 8 లక్షల డిపాజిట్లపై ఏడు శాతం వస్తోందనుకున్నా ఏడాదికి చేతికొచ్చేది 56 వేలే. బ్యాంకులో డబ్బు ఉందన్న ధైర్యానికి ఏటా 40 వేలు ఎదురు కడుతున్నారన్నమాట. ఒక డిపాజిట్ రద్దు చేస్తే కొంత వడ్డీ కోత పడుతుంది, పడనివ్వండి. అప్పు తీర్చేటప్పుడు ప్రామిసరీ నోటు వెనుక చెల్లు రాయించి, సంతకం పెట్టించి, నోటును చేతికి తీసుకునే బయటికి రండి. తెలిసినవారే కదా అని నోటు వారి దగ్గరే వదిలేసి వచ్చే అలవాటు మన వైపు ఎక్కువ.

రెండోది డయాలసిస్ ఖర్చు. మీ కుటుంబ ఆదాయం పూర్తి జీతాల లెక్కనే ఏడాదికి 4.8 లక్షలు, అంటే ఎన్టీఆర్ వైద్య సేవకు పెట్టిన 5 లక్షల పరిమితికి లోపే. మిగతా అర్హతలు కూడా చూపించుకుని వార్డు సచివాలయం ద్వారా దరఖాస్తు చేయండి. ఆ పథకం కిందికి వచ్చే ఆసుపత్రిలో డయాలసిస్‌కు డబ్బు కట్టనక్కరలేదు. రాకపోకల ఖర్చు ఎలాగూ మీదే. పన్ను మినహాయింపు కోసం సర్టిఫికెట్ల వెంట తిరగకండి, మీ ఆదాయానికి పన్నే పడదు.

బీమా విషయంలో తొందరపాటు రాజీనామా అన్నిటికంటే ప్రమాదం. ఉద్యోగం పోతే కంపెనీ పాలసీ కూడా పోతుంది. ఒకవేళ మానక తప్పకపోతే, అంతకంటే ముందే అదే బీమా కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారే వీలు గురించి రాతపూర్వకంగా అడగండి. సగం జీతమే ఇచ్చినా యాజమాన్యంతో మాట్లాడి కొనసాగడం మేలు. గ్రూపు పాలసీ పునరుద్ధరణ అయ్యాక మళ్లీ 5 లక్షల రక్షణ కొత్తగా మొదలవుతుంది కాబట్టి, వైద్యులు అభ్యంతరం చెప్పకపోతే మార్పిడిని ఆ తేదీ దాటాక పెట్టుకోండి. దాత శస్త్రచికిత్స ఖర్చు పాలసీ ఇస్తుందో లేదో ఇప్పుడే చదువుకోండి. చాలా పాలసీలు ఆపరేషన్ ఖర్చు ఇచ్చినా, దాతకు ముందు చేసే పరీక్షల ఖర్చు ఇవ్వవు. ఆటోనగర్‌లో పెయింట్లు, ద్రావకాల ఆవిరి సోకే చోట కూర్చోవచ్చా అన్నది కూడా వైద్యుణ్ని అడగండి. సిగరెట్ అలవాటుంటే మాత్రం అడగనక్కరలేదు, మానేయాల్సిందే, ఊపిరితిత్తుల్లో రక్తస్రావానికి పొగ తోడవుతుంది.

మీవారి పేరిట కొత్త ఆరోగ్య పాలసీ దొరకడం కష్టం. దొరికినా, ముందునుంచీ ఉన్న వ్యాధికి గరిష్ఠంగా మూడేళ్లు ఆగాలి. వ్యాధిని దాచి తీసుకోమని ఏ ఏజెంటయినా చెబితే వినకండి. 2019 నాటి టర్మ్ పాలసీ మాత్రం ప్రాణంతో సమానం. ఇప్పుడు అలాంటిది మళ్లీ ఎవరూ ఇవ్వరు. ప్రీమియం తేదీకి ఖాతాలో డబ్బు ఉండేలా చూడండి, దానికి తీవ్ర వ్యాధుల రైడర్ (అదనపు రక్షణ) ఉందేమో పత్రంలో వెతకండి. ఆ జాబితాలో గుడ్‌పాశ్చర్ కనిపించకపోవచ్చు గాని, నిరంతర డయాలసిస్ అవసరమైన కిడ్నీ వైఫల్యం సాధారణంగా ఉంటుంది.

మీరు అడగని విషయం ఒకటి ఉంది. భార్య కిడ్నీ ఇవ్వడానికి చట్టం అనుమతిస్తుంది, కానీ ఆపరేషన్ రోజు నుంచి కొన్ని వారాలు ఇద్దరి సంపాదనా ఒకేసారి ఆగుతుంది. అందుకే రెండో డిపాజిట్‌ను కదపకుండా ఉంచి, దానిలోంచి కనీసం మూడు నెలల ఇంటి ఖర్చును ఆ కాలానికి కేటాయించండి. దానం చేయక ముందే మీ పేరిట ఒక టర్మ్ పాలసీకి, మీకూ, పిల్లలుంటే వారికీ ఒక ఆరోగ్య పాలసీకి దరఖాస్తు పెట్టండి. మీ ఉద్దేశాన్ని అడిగితే దాచకుండా చెప్పండి. ప్రీమియం కొంచెం ఎక్కువైనా పర్వాలేదు.

చీటీకి మిగిలింది 18 నెలలు, 1.8 లక్షలు. కట్టగలిగినన్నాళ్లు కట్టండి. ఇప్పుడే పాట పాడితే తగ్గింపు ఎక్కువ పోతుంది, ఆదాయం తగ్గిన ఇంటికి జామీను అడిగి విసిగిస్తారు కూడా. మార్పిడి తేదీ ఖాయమయ్యాక పాడితే పోయేది తక్కువ. మీవారి పీఎఫ్ నుంచి చికిత్స కోసం తీసుకునే అడ్వాన్సును తిరిగి కట్టనక్కరలేదు, దాన్ని కూడా అప్పటికే ఉంచండి.

కంపెనీ బీమా, చీటీ, పీఎఫ్ ఈ మూడూ చాలకపోతే అప్పుడు ప్లాటు. ఇంట్లో జబ్బు ఉందని తెలిసిన కొనుగోలుదారు ధర తెగ్గొట్టడం సహజం కాబట్టి, అమ్మకం మాట ఎక్కడా ఎత్తకుండా ఈలోగా ఈసీ (ప్లాటుపై లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం) తీయించి, లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల నాటి దస్తావేజులు) సరిచూసి, హద్దురాళ్లు ఉన్నాయో లేదో ఒకసారి వెళ్లి చూసి రండి.