జీపీఎస్ పరికరం కొనబోయే మేనల్లుడికి

తిరుపతి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

తారు రోడ్డు మీదా కొండ బాటల్లోనూ నడిచే మోటారు సైకిలు కొన్నావనీ, దానికి తగిన జీపీఎస్ పరికరం ఏదో చెప్పమనీ నువ్వు రాసిన ఉత్తరం అందింది. సర్వే శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి, మొదట భూమి కొలిచే గొలుసు లాగిస్తూ, తర్వాత ఉపగ్రహాల సిగ్నల్ అందుకునే పరికరాలను భుజాన వేసుకొని ఈ జిల్లా గట్లూ డొంకలూ తిరిగినవాణ్ణి కనుక, ఈ విషయంలో నాకు తెలిసినది వివరంగానే రాస్తున్నాను. చిత్తూరు నుంచి తిరుపతికి వచ్చే హైవే మీద నీకు కొత్త పరికరం ఏదీ అక్కరలేదు, జేబులోని ఫోను చాలు. నువ్వు డబ్బు పెట్టి కొనేది ఫోను చేతులెత్తేసే చోట పనిచేయాలి. ఏ పరికరాన్ని చూసినా ముందుగా ఈ ఒక్క కొలతతోనే చూడు.

దుకాణానికి వెళ్లి ఊరికే ‘జీపీఎస్’ అని అడిగితే, మన ఊళ్లలో చాలాచోట్ల సిమ్ కార్డు వేసి బండిలో దాచిపెట్టే ట్రాకర్‌ను చేతిలో పెడతారు. నీ బండి ఎక్కడుందో ఇంట్లో ఉన్నవాళ్లకు చెప్పడం దాని పని. నువ్వు ఎక్కడున్నావో, ఎటు పోవాలో నీకు చెప్పడం దానికి చేతకాదు. బస్సులకూ టాక్సీలకూ తప్పనిసరి చేసిన ఏఐఎస్-140 పరికరం కూడా ఆ జాతిదే. నీకు కావలసింది తెర, పటం, తిరిగిన దారిని గుర్తుపెట్టుకునే జ్ఞాపకశక్తి ఉన్న పరికరం. ఆ మాటే స్పష్టంగా చెప్పి అడుగు.

ఫోను ఎక్కడ చేతులెత్తేస్తుందో నేను అనుభవించి తెలుసుకున్నాను. పదేళ్ల కిందట భాకరాపేట దాటి నెరబైలు వైపు తిరిగి, అక్కడి నుంచి మన బంధువుల మామిడి తోటకు ఫోను చూపిన దారినే బయలుదేరాను. కొంత దూరం పోయేసరికి సెల్ సిగ్నల్ పోయింది. నీలం చుక్క మాత్రం కదులుతూనే ఉంది, కానీ దాని కింద ఉండవలసిన పటం మాయమై తెర అంతా బూడిద రంగు గళ్లుగా మారింది. సెల్ సిగ్నల్ లేకపోతే జీపీఎస్ పనిచేయదని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. ఉపగ్రహాల నుంచి వచ్చే సిగ్నల్‌కు సెల్ టవరుతో పని లేదు. ఎప్పటికప్పుడు ఇంటర్నెట్ నుంచి దిగవలసిన పటమే ఆ రోజు ఆగిపోయింది. పటాన్ని ముందే ఫోనులో దించుకొని ఉంటే సరిపోయేది, ఆ తెలివి నాకు అప్పుడు లేదు. తిరుగు ప్రయాణంలో మూడు డొంకలు కలిసే చోట తప్పు డొంక పట్టి ఒక వంకలోకి దిగిపోయాను. ఎండకు ఫోను వేడెక్కి ఆరిపోయింది. మేకలు తోలుకుపోతున్న ఒక పెద్దాయన దారి చూపకపోతే ఆ చీకటి పూట ఏమయ్యేవాణ్ణో చెప్పలేను. ఆ రోజు నేను వచ్చిన దారిని ఏ పరికరమైనా గీతగా దాచి ఉంటే, అదే గీత మీద వెనక్కి వచ్చేవాణ్ణి.

అందువల్ల పరికరంలో మొదట చూడవలసింది తెర, రెండోది బ్యాటరీ. మన ఎండలో ఎంత మంచి ఫోను తెరైనా వెలవెలబోతుంది. వెలుతురు పెంచితే వేడెక్కుతుంది, వేడెక్కితే తనంతట తానే వెలుతురు తగ్గించుకుంటుంది. చేతిలో పట్టుకునే జీపీఎస్ పరికరాల్లో చాలావాటి తెర సూర్యకాంతినే వెనక్కి తిప్పి చూపిస్తుంది కనుక, ఎండ ఎంత ఎక్కువైతే అంత బాగా కనిపిస్తుంది. రంగులు ఫోనులోలా మెరవవని దుకాణంలో నీకు నచ్చకపోవచ్చు. దుకాణం లోపలి దీపాల కింద చూసి నిర్ణయించుకోవద్దు, బయటికి తెచ్చి మధ్యాహ్నం ఎండలో పెట్టి చూడు. బ్యాటరీ విషయానికి వస్తే, గోడ గడియారానికి వేసే రెండు సెల్లులతో నడిచే పరికరానికే నా ఓటు. అలాంటి సెల్లులు ఏ పల్లెలోనైనా చిల్లర అంగట్లో దొరుకుతాయి, నాలుగు అదనంగా జేబులో వేసుకుంటే రెండు రోజులకు దిగులుండదు. లోపలే బిగించిన బ్యాటరీ మాత్రం అయిపోతే దాన్ని నింపడానికి బండి బాగుండాలి, తీగ బాగుండాలి, సాకెట్ బాగుండాలి. కొండ మీద ఆ మూడూ ఒకేసారి బాగుంటాయన్న నమ్మకం నాకు లేదు. నీటి రక్షణ ఐపీఎక్స్7 స్థాయిలో ఉంటే మంచిది, అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట మునిగినా చెడిపోకూడదు. చేతి తొడుగులతో, చెమటతో, వానలో టచ్ తెర మాట వినదు కనుక మీటలున్నదే తీసుకో.

ఉపగ్రహాల గురించి అమ్మేవాళ్లు చాలా చెబుతారు, అందులో కొంత నిజం ఉంది. పరికరం తన చోటు తేల్చుకోవడానికి కనీసం నాలుగు ఉపగ్రహాలు కనబడాలి. అమెరికా జీపీఎస్ ఒక్కటే కాక రష్యా గ్లోనాస్, ఐరోపా గెలీలియో కూడా అందుకునే పరికరానికి లోతైన కోనలో సైతం తలపైన కొన్ని దొరుకుతాయి. మన దేశం సొంతంగా కట్టుకున్న ఇలాంటి ఉపగ్రహ వ్యవస్థ నావిక్‌లోని మొదటి ఉపగ్రహం 2013 జూలై 1న శ్రీహరికోట నుంచే ఎగిరింది. ఆ ఊరు ఇప్పుడు మన తిరుపతి జిల్లాలోదే కనుక ఈ మాట రాస్తుంటే నాకు సంతోషంగా ఉంది. ఇక ఉపగ్రహం రెండు పౌనఃపున్యాల్లో పంపే సిగ్నళ్లను రెండింటినీ అందుకునే పరికరాలు ఉన్నాయి. జీపీఎస్‌లో అవి 1575.42, 1176.45 మెగాహెర్ట్జ్. కొండ గోడకు తగిలి ఆలస్యంగా వచ్చే దొంగ సిగ్నల్‌ను గుర్తించడం వాటికి సులభం. పై వాతావరణంలోని అయనోస్ఫియరు అనే పొర సిగ్నల్‌ను ఎంత ఆలస్యం చేస్తోందో కూడా అవి రెండింటినీ పోల్చి లెక్కకట్టగలవు. నువ్వు చిత్తూరు నుంచి వచ్చేటప్పుడు దాటే గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల రాడారు చూసేవాటిలో ఆ పొర కూడా ఉంది. అయితే పొలం హద్దు తేల్చడానికి సెంటీమీటర్లు కావాలి కానీ డొంక చీలిక గుర్తుపట్టడానికి ఐదు మీటర్ల ఖచ్చితత్వం చాలు, అది తెరిపి ఆకాశం కింద మామూలు పరికరానికే వస్తుంది. డబ్బు చాలకపోతే ఈ రెండో పౌనఃపున్యాన్ని వదులుకో, తెరనూ బ్యాటరీనీ వదులుకోవద్దు.

అన్నింటికన్నా ఎక్కువ జాగ్రత్త పటం విషయంలో కావాలి, చాలామంది ఏమరుపాటుగా ఉండేదీ ఇక్కడే. పరికరంతో పాటు వచ్చే పటంలో హైవేలూ పెద్ద రోడ్లూ బాగానే ఉంటాయి కానీ మన డొంకలు, చెరువు కట్టలు, బండి బాటలు ఉండవు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అని, ప్రజలే తిరిగి గీసిన ఉచిత పటం ఒకటి ఉంది. దాన్ని పరికరానికి తగిన రూపంలో దించుకొని మెమరీ కార్డులో వేసుకోవచ్చు, కాబట్టి మెమరీ కార్డు వేసే వీలున్న పరికరమే కొను. సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 స్కేలు పటాలు కూడా దగ్గర పెట్టుకుంటే కొండ ఎత్తులూ వంకల పోకడా తెలుస్తాయి. పాత షీట్లు ఎవరెస్టు గోళాభం అనే పాత భూమి ఆకార నమూనా ఆధారంగా గీసినవి, జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్ 84 అనే మరో నమూనా. ఆ తేడా సవరించకుండా పాత షీటులోని అక్షాంశ రేఖాంశాలను పరికరంలో కొడితే వంద మీటర్లకు మించి పక్కకు పోతావు. ఆ తర్వాత అదే సంస్థ తెచ్చిన ఓపెన్ సిరీస్ పటాలకు ఈ ఇబ్బంది లేదు.

ఊరి పేరు కొట్టి వెతకడం మన జిల్లాలో నమ్మదగిన పద్ధతి కాదు. కొత్తపల్లె అని కొడితే ఎన్ని కొత్తపల్లెలు వస్తాయో నువ్వే చూడు. పైగా ఒకే ఊరిని ఇంగ్లీషు అక్షరాల్లో ఒకరు ఒకలా, మరొకరు ఇంకొకలా రాస్తారు. అందుకే చేరవలసిన చోటును అంకెల్లో తీసుకో. ఆ అంకెలను మాత్రం ఏ పద్ధతిలో ఇచ్చారో అడిగి తెలుసుకో. తిరుపతి అక్షాంశం దాదాపు 13.63 డిగ్రీలు. అదే డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో చెబితే 13 డిగ్రీల 37 నిమిషాల 48 సెకన్లు. ఎవరైనా 13 డిగ్రీల 30 నిమిషాలు అని చెప్పినదాన్ని నువ్వు 13.30 అని కొట్టావంటే, అసలు చోటుకు దక్షిణంగా 22 కిలోమీటర్ల దూరంలో తేలుతావు. నా దగ్గర పనిచేసిన కుర్రవాళ్లలో ఈ తప్పు చేయనివాళ్లు తక్కువ.

పటానికి తెలియనివి కూడా ఉంటాయని గుర్తుంచుకో. 2021 నవంబరు వానలకు స్వర్ణముఖి పొంగినప్పుడు ఎన్ని దారులూ వంతెనలూ దెబ్బతిన్నాయో నువ్వు చూశావు. పటంలో మాత్రం ఆ గీతలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఈశాన్య రుతుపవనాల నెలల్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, వంక దాటే ప్రతి చోటా బండి దిగి చూసి, ఆ ఊరివాళ్లను అడిగి ముందుకు పో.

‘రూటు’, ‘ట్రాక్’ అనే రెండు మాటలకు తేడా తెలుసుకోకుండా పరికరం వాడవద్దు. రూటు అంటే నువ్వు చెప్పిన చోట్లను కలుపుతూ పరికరం తనకు తెలిసిన రోడ్ల మీద తానే కట్టే దారి. ట్రాక్ అంటే ఎవరో నిజంగా నడిచిన దారి గీత, దాన్ని పరికరం మార్చదు. స్నేహితుడు పంపిన కొండబాట ఫైలును రూటుగా మార్చి నడిస్తే, పరికరం తెలివిగా నిన్ను చెరువు కట్ట మీద నుంచి తప్పించి పక్కనున్న హైవే మీదికి తీసుకుపోతుంది. కొండబాటకు ట్రాక్, రోడ్డుకు రూటు అని పెట్టుకో. ట్రాకుల ఫైళ్లు సాధారణంగా జీపీఎక్స్ అనే రూపంలో వస్తాయి, ఆ రూపాన్ని చదవలేని పరికరం కొనవద్దు. ఇంటి నుంచి బయలుదేరేటప్పుడే ట్రాక్ రికార్డింగు మొదలుపెట్టు. దారి తప్పాక మొదలుపెట్టిన రికార్డింగు నిన్ను ఇంటికి చేర్చదు. బండి నిలిపిన చోటు, నీళ్లున్న చోటు, డొంకలు చీలే చోటు వేపాయింట్లుగా, అంటే పటం మీద గుర్తులుగా, పరికరంలో దాచుకుంటూ పో.

ఇన్ని చెప్పాను కాబట్టి పేర్లు కూడా చెబుతాను. గార్మిన్ కంపెనీ ఈట్రెక్స్ 32ఎక్స్ అనే చిన్న పరికరం రెండు సెల్లులతో 25 గంటల దాకా నడుస్తుందని కంపెనీ చెబుతోంది. మెమరీ కార్డు పడుతుంది, దిక్సూచీ, గాలి పీడనంతో ఎత్తు కొలిచే సాధనం లోపలే ఉన్నాయి. దీనికంటే చౌకైన 22ఎక్స్‌లో ఆ రెండూ లేవు. కదలకుండా నిలబడినప్పుడు కూడా దిక్కు చూపేది లోపల దిక్సూచి ఉన్న పరికరమే, లేనిది నువ్వు నడుస్తుంటేనే దిక్కు చెబుతుంది. చీలిక దగ్గర ఆగి ఆలోచించేటప్పుడే దిక్కు కావాలి కదా, అందుకని 32ఎక్స్‌కే మొగ్గు చూపుతాను. దాని తెర 2.2 అంగుళాలే, మలుపులను గొంతుతో చెప్పదు, కనుక రోడ్డు మీద అది నీకు నచ్చదు. మోటారు సైకిలు కోసమే అదే కంపెనీ చేసిన జూమో ఎక్స్‌టీ తెర 5.5 అంగుళాలు, రోడ్డు మీద చాలా హాయిగా ఉంటుంది, కానీ లోపలి బ్యాటరీతో కొన్ని గంటలే వస్తుంది. రెండు పనులూ ఒకటే చేయాలని పట్టుబడితే ఖర్చు పెరిగి కొండ మీద అక్కరకు వచ్చే గుణాలు తగ్గుతాయి. చిన్నదొకటి కొండకు కొనుక్కో, రోడ్డుకు ఫోనునే హ్యాండిల్‌కు బిగించుకో. బండి అదురుకు ఫోను కెమెరా చెడిపోయే ప్రమాదం ఉంది కనుక అదురు తగ్గించే హోల్డరు తీసుకో. బండి నడిపేటప్పుడు ఫోనును దారి చూసుకోవడానికి మాత్రమే, అదీ ధ్యాస చెదరకుండా వాడవచ్చునని 2020 అక్టోబరు నుంచి మోటారు వాహనాల నిబంధనల్లో ఉంది. అంతకుమించి దాన్ని తాకవద్దు.

ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరాలు కూడా ఇదే కంపెనీ అమ్ముతుంది. విదేశాల నుంచి తెప్పించుకొందామన్న ఆలోచన నీకుంటే మానుకో. ప్రభుత్వ అనుమతి లేకుండా అలాంటివి మన దేశంలో దగ్గర ఉంచుకోవడమే నేరం, విమానాశ్రయాల్లో కేసులు పెట్టిన సందర్భాలు ఉన్నాయి. ఎటు పోతున్నావో, ఎప్పటికి తిరిగి వస్తావో ఇంట్లో కాగితం మీద రాసిపెట్టి వెళ్లు, అమ్మకు అదే ధైర్యం.

పరికరం చేతిలో ఉందని అడవిలోకి ఎక్కడపడితే అక్కడ దిగకూడదు. శేషాచలం కొండల్లో కొంత భాగం 1989లో ప్రకటించిన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం కిందికి వస్తుంది. ఎర్రచందనం కారణంగా అక్కడ నిఘా చాలా గట్టిగా ఉంటుంది. పటంలో బాట కనిపించినంత మాత్రాన అటవీ శాఖ అనుమతి లేకుండా బండి తీసుకుపోతే నువ్వు ఎవరివో వివరించుకోవడానికే రోజు సరిపోతుంది. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవుల్లో ఏనుగులు తిరుగుతాయి, సాయంత్రం పూట ఆ అంచు బాటలు నీకు వద్దు. మొదట కార్వేటినగరం, నారాయణవనం పరిసరాల్లో ఊళ్లను కలిపే మట్టి బాటల మీద నేర్చుకో.

కొత్త పరికరాన్ని పెట్టెలోంచి తీసిన వెంటనే కొండకు పట్టుకుపోకు. మొదటిసారి తెరిపి ఆకాశం కింద పావుగంట కదపకుండా ఉంచు. ఉపగ్రహాలన్నిటి జాబితా పూర్తిగా దిగడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది, తర్వాత నుంచి త్వరగా అందుకుంటుంది. కొనేముందు ఒక ఆదివారం ఉదయాన్నే ఇక్కడికి రా. నా పాత పరికరంలో కొత్త సెల్లులు వేసి ఉంచుతాను. దాన్నీ నీ ఫోనునూ పక్కపక్కన కట్టుకొని చంద్రగిరి కోట దాకా వెళ్లి, రెండూ గీసిన గీతలను ఇంటికి వచ్చి కంప్యూటరులో ఒకదాని మీద ఒకటి పెట్టి చూద్దాం. నీకు నప్పేది ఏదో అప్పుడు నువ్వే చెబుదువుగాని.

ఇట్లు,
మీ మామయ్య