ఇందులో ప్రేమించదగ్గవాళ్ళేరీ?

ప్రశ్న: గొప్ప ప్రేమకథ అని అట్ట మీద చూసి ‘వదరింగ్ హైట్స్’ కొన్నాను. హీత్‌క్లిఫ్ దుర్మార్గుడు, క్యాథరిన్ పెంకిది, హీత్‌క్లిఫ్ కొడుకు లింటన్ ఉత్త ఏడుపుగొట్టు. ఒక్కరి మీదా జాలి కలగలేదు. లోపం నాదా, పుస్తకానిదా?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: లోపం ఆ అట్టదమ్మా! క్యాథరిన్ ఆడపడుచు ఇసబెల్లాను లేవదీసుకుపోయే రాత్రే ఆమె ముద్దుగా పెంచుకున్న కుక్కను ఉరేసినవాడు హీత్‌క్లిఫ్. వాణ్ణి ప్రేమికుడని అమ్మినవాళ్ళను నిలదీయాలి గానీ మిమ్మల్ని మీరెందుకు అనుకోవడం? ఎమిలీ బ్రాంటీ 1847లో మారుపేరుతో ఈ నవల వేయించి, మరుసటి ఏడాదే 30 ఏళ్ళకు పోయింది. 1850లో ముందుమాట రాస్తూ సొంత అక్క షార్లెటే, ఇలాంటివాణ్ణి సృష్టించడం మంచిదేనా అని సందేహపడింది.

హాలీవుడ్ వాళ్ళు 1939లో సినిమా తీసినప్పుడు రెండో తరాన్ని, అంటే వీళ్ళ పిల్లల కథను, పూర్తిగా ఎత్తేశారు. ఇది ప్రేమకథే అనుకోవడానికి అదీ ఒక కారణమని నా అనుమానం. నవలలో క్యాథరిన్ సగంలోనే చనిపోతుంది. మిగతా సగమంతా హీత్‌క్లిఫ్ పగ.

నన్నడిగితే, మీ కోపం ఆ ఇంటి పనిమనిషి నెల్లీ డీన్ మీదికి మళ్ళించండి. కథ చాలావరకు చెప్పేది ఆవిడే కదా. తొమ్మిదో అధ్యాయంలో వంటింటి సంభాషణ మళ్ళీ చూడండి. హీత్‌క్లిఫ్‌ను చేసుకుంటే తన పరువు పోతుందంటుంది క్యాథరిన్. బల్ల మీద కూర్చుని వింటున్న అతను ఆ మాటకి లేచి చప్పుడు చేయకుండా వెళ్ళిపోతాడు. అతనంటే తనకు ప్రాణమన్న మాట ఆ తర్వాత వస్తుంది. అతను లేచి వెళ్ళడం నెల్లీ కళ్ళారా చూసింది! చూసి, క్యాథరిన్‌ను ఊరుకోమంటుంది. ఎందుకని ఆమె అడిగితే, పాలేరు జోసెఫ్ వచ్చాడు, బండి చప్పుడు వినిపిస్తోందంటుంది. అసలు సంగతి చెప్పేసరికి హీత్‌క్లిఫ్ ఊరు దాటిపోయాడు. ఇంత చేసిన మనిషి మనకు కథ చెబుతూ, వాళ్ళందరి గుణగణాలూ తూకం వేస్తుంది. నాకైతే అసలు భయం ఆవిడ దగ్గరే పుట్టింది, క్యాథరిన్ దెయ్యం దగ్గర కాదు.

ఓపిక ఉంటే క్యాథరిన్ కూతురు చిన్న క్యాథరిన్, ఆమె మేనమామ కొడుకు హేర్టన్‌ల భాగం మరోసారి తిరగేయండి. చదువురాదని తాను ఎగతాళి చేసినవాడికి ఆ పిల్లే చివరికి పాఠాలు చెబుతుంది. లేదంటారా, పుస్తకం అడిగినవాళ్ళకి ఇచ్చేయండి, మొహమాటం వద్దు.

లింటన్ గురించి మాత్రం నేనేమీ సర్దిచెప్పలేను. ఆ కుర్రాడు నాకూ గిట్టడు.