చీకట్లో చేతికి అందేలా

దివిసీమలో కోడూరు దగ్గర పుట్టాను. 1977 ఉప్పెన నాటికి నాకు పద్నాలుగేళ్ళు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా కృష్ణా జిల్లా పల్లెల్లో ఏఎన్ఎంగా పనిచేశాను. ఇప్పుడు ఉంటున్నది విజయవాడ సింగ్‌నగర్‌లో. తుఫానుల కాలానికి ఇల్లు ఎలా సిద్ధం చేసుకోవాలో అడగండని పోయిన నెల ఇదే శీర్షికలో రాశాం. చాలా ఉత్తరాలు వచ్చాయి. అందరికీ పనికొచ్చే కొన్నింటికి ఇక్కడ జవాబిస్తున్నాను.

అమలాపురం నుంచి ఒక గృహిణి: మేం ఐదుగురం. మా అత్తగారికి షుగర్, రోజూ ఇన్సులిన్ చేసుకోవాలి. తుఫానొస్తే నాలుగైదు రోజులు కరెంటుండదు. ముందుగా ఏం కొని పెట్టుకోమంటారు?

జవాబు: కొనడం తర్వాత చూద్దాం, ముందు నీళ్ళు పట్టండమ్మా. ఈ మాట నేను దివిసీమ నుంచి తెచ్చుకున్నది. ఉప్పెన వెళ్ళిన మర్నాడు మా ఊరి చుట్టూ చూపు ఆనినంత మేరా నీళ్ళే. గుక్కెడు తాగడానికి మాత్రం లేవు. బావుల్లో ఉప్పునీరు నిండింది, చెరువులో గొడ్ల కళేబరాలు తేలుతున్నాయి. కూలిన కొబ్బరిచెట్ల బోండాలు కొట్టుకుని మూడు రోజులు ఆ నీళ్ళతోనే బతికాం. మా తమ్ముడికి అప్పుడు రెండేళ్ళు. అమ్మ కొబ్బరినీళ్ళలో కొంగు ముంచి వాడి నోట్లో పిండేది.

తాగడానికీ వండుకోవడానికీ మనిషికి రోజుకు నాలుగు లీటర్లు లెక్కేయండి. మీ ఐదుగురికీ కలిపి రోజుకు ఒక ఇరవై లీటర్ల టిన్ను, వారానికి ఏడు టిన్నులు. తుఫాను కబురు తెలిసిన రోజే పట్టేయండి. కరెంటు పోతే మోటారు తిరగదు, పైన ట్యాంకు ఒక్కపూటలో ఖాళీ అయిపోతుంది. వాడకానికి బిందెలు, బకెట్లు, బట్టలు నానేసే టబ్బు, ఏదుంటే అది నింపండి. తర్వాత దొరికే నీళ్ళు బురదగా ఉంటే, శుభ్రంగా కడిగిన పటిక ముక్కను బిందెలో నాలుగైదు చుట్లు తిప్పి వదిలేయండి. గంటా రెండు గంటల్లో మడ్డి అడుక్కు దిగుతుంది. పైతేట మెల్లగా వంచుకోండి. పటికతో నీళ్ళు తేరతాయే గానీ వాటిలో రోగం పోదు. తేరిన నీళ్ళని తెర్లేదాకా కాచుకోవాలి, లేదా క్లోరిన్ బిళ్ళ వేసి అరగంట ఆగాలి. ఎన్ని లీటర్లకు ఒక బిళ్ళో పట్టీ మీద రాసుంటుంది, చూసి వేయండి. మీ ఊరి ఆశా కార్యకర్తనో ఏఎన్ఎంనో ఇప్పుడే అడిగితే బిళ్ళలు ఇస్తారు. నీళ్ళొచ్చాక వాళ్ళే మీ దాకా రాలేకపోవచ్చు.

ఇక ఇన్సులిన్ గురించి. వాడుకలో ఉన్న సీసా ఎండ తగలని చల్లని చోట ఉంటే మామూలుగా నాలుగు వారాల దాకా పనిచేస్తుంది. కాబట్టి కరెంటు పోగానే కంగారు పడొద్దు. తెరవని సీసాలుంటే వాటికి ఇలా చేయండి. వెడల్పు కుండలో ఇసుక పోసి బాగా తడపండి. మధ్యలో చిన్న ముంత దించి, సీసాలను ప్లాస్టిక్ కవర్లో చుట్టి అందులో పెట్టి, పైన తడిగుడ్డ కప్పండి. ఇసుక ఆరకుండా పూటకోసారి చెంబుడు నీళ్ళు చల్లాలి. ఫ్రిజ్ లేని ఇళ్ళలో నేను ఎన్నోసార్లు పెట్టించాను. ఐసుకు మాత్రం ఆనించొద్దు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. ఇంకో మాట. తిండి సరిగ్గా దొరకని రోజున మామూలు మోతాదు చేసేస్తే షుగర్ పడిపోయి మనిషి చల్లగా చెమటలు పట్టి తూలిపోతుంది. తిండి తగ్గిన రోజు మోతాదు ఎంత తగ్గించాలో డాక్టర్ని ఈ వారమే అడిగి కాగితం మీద రాయించుకోండి. ఒక డబ్బాలో పంచదార పోసి అత్తగారి తలగడ దగ్గరే పెట్టండి. మూత తీయడం ఆవిడకు చేతనవుతుందో లేదో లైటార్పి ఒకసారి తీయించి చూడండి.

విజయవాడ నుంచి ఒక చిరుద్యోగి: కింద వాటాలో అద్దెకుంటున్నాం. 2024లో బుడమేరు వచ్చినప్పుడు పిల్లల సర్టిఫికెట్లు, ఊళ్ళో పొలం పాస్‌పుస్తకం తడిసి ముద్దయిపోయాయి. మళ్ళీ అలా కాకుండా ఏం చేయాలి?

జవాబు: మనిద్దరిదీ ఒకే నీరు బాబూ. సెప్టెంబరు 1, ఆదివారం. పొద్దున లేచేసరికి గుమ్మంలో చీలమండ లోతు ఉంది. కాఫీ తాగి మంచాలు ఎత్తుదాంలే అనుకున్నాం. కాఫీ కలిపేలోపే మోకాలు దాటింది. ఇన్నేళ్ళు ఊరందరికీ జాగ్రత్తలు చెప్పిన నేను ఆ పది నిమిషాలు పోగొట్టుకున్నాను. బియ్యం బస్తా పోయింది, కుట్టుమిషను పోయింది. కాగితాలు మాత్రం దక్కాయి.

ఎలాగంటే, మా నాన్న పొలం కాగితాలు 1977లో పోయి, ఆయన పదేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరగడం చూసినదాన్ని. అందుకని పెళ్ళయిన నాటి నుంచి మా కాగితాలన్నీ ఒకే సంచిలో ఉంటాయి. ఒక్కో కాగితం విడిగా ప్లాస్టిక్ కవర్లో, కవరు నోరు మడిచి కొవ్వొత్తి సెగకు అంటించి, అన్నీ కలిపి యూరియా బస్తా లోపలుండే మందపాటి కవర్లో చుట్టి, తాడు కట్టి వీధి తలుపు వెనక మేకుకు తగిలిస్తాను. బీరువాలో పెట్టను. నీళ్ళలో చెక్క బీరువా ఉబ్బిపోతుంది, తలుపు రాదు. ఆ ఆదివారం సంచి మెడలో వేసుకుని మేడ మీది వాళ్ళింటికి ఎక్కేశాను. ఐదు రోజుల తర్వాత విప్పితే మా అమ్మాయి పదో తరగతి మార్కుల జాబితా మీద చుక్క తడి లేదు. ఫోనులో డిజిలాకర్, అంటే సర్కారు కాగితాలు దాచుకునే యాప్, పెట్టుకోండి, మంచిదే. ఫోను తడిసినా ఇంకో ఫోనులో చూసుకోవచ్చు. పాస్‌పుస్తకాన్నీ ఇంటి దస్తావేజునూ ఫొటోలు తీసి వేరే ఊళ్ళో ఉన్న నమ్మకమైన మనిషికి పంపి ఉంచండి.

నీళ్ళు గుమ్మం ఎక్కుతున్నాయంటే మొదట కరెంటు మెయిన్ ఆపేయండి, ఆ చెయ్యి పొడిగా ఉన్నప్పుడే. గ్యాసు సిలిండర్ నిండుగా ఉన్నా నీళ్ళలో తేలుతుంది. మా పక్కవాళ్ళది తేలి, గొట్టం తెంపుకుని వంటింట్లో గోడకు కొట్టుకుంటూ తిరిగింది. రెగ్యులేటర్ తీసి, మూత బిగించి, చీర ముక్కతో కిటికీ ఊచకు కట్టేయాలి. మేడ మీది వాళ్ళతో ఇప్పుడే మాట్లాడుకోండి. ఆ ఐదు రోజులూ మేం పదకొండు మందిమి రెండు గదుల్లో ఉన్నాం. డ్రోన్లు పొట్లాలు వదిలి వెళ్ళేవి. మేడ మీద నిలబడి అందుకున్నవి పంచుకున్నాం. పేరు కూడా సరిగ్గా తెలియని ఇంటికి ఆ రోజు ఎక్కాను. ఇప్పుడు మా పప్పుల డబ్బా ఒకటి వాళ్ళ అటక మీదే ఉంటుంది.

హైదరాబాద్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి: రెండేళ్ళు చెడిపోని విదేశీ తిండి పొట్లాలు అమ్ముతున్నారు. ఒక్కసారి కొని పెట్టేసుకుంటే నిశ్చింతగా ఉండొచ్చా?

జవాబు: ఆ డబ్బు దాచుకో నాయనా. రోజూ తినని తిండి కష్టకాలంలో అసలు దిగదు. జ్వరం మీదున్న పిల్లకు కొత్త రుచి పెట్టి చూడు, నీకే తెలుస్తుంది. అటుకులు కొను. పొయ్యి వెలగకపోయినా గ్లాసుడు నీళ్ళలో నానితే అన్నం తిన్నట్టే ఉంటుంది. వేయించిన సెనగలు, బెల్లం, పేలపిండి, కందిపొడి, ఊరగాయ పెట్టుకో. మా ఇంట్లో అటక మీద ఎప్పుడూ నెలకు సరిపడా ఉంటుంది. కొత్తది వెనక పెట్టి, ముందున్నది వాడతాను. ఎన్నాళ్ళైనా దాచిన సామాను చెడిపోయిందని ఏడ్చే పని రాలేదు.

బియ్యం, పప్పులు నిలవ ఉండాలంటే మా నాయనమ్మ చేసిందే చెయ్యి. గట్టి ఎండలో చాప మీద పలచగా పరవాలి, మధ్యాహ్నం ఒకసారి చేత్తో దున్నాలి. ఎత్తాక నీడలో పూర్తిగా చల్లారనివ్వాలి. వేడి మీద డబ్బాలో పోస్తే లోపల చెమట పట్టి బూజొస్తుంది. కందిపప్పు కేజీకి చిన్న చెంచాడు ఆముదం. నాయనమ్మ రెండు అరచేతులకూ రాసుకుని, పిల్ల తలకు అంటినట్టు పప్పంతా రుద్దేది. వాడేముందు వేడినీళ్ళతో కడిగితే జిడ్డు పోతుంది. బియ్యంలో ఎండిన వేపాకు, తొడిమలు తీయని ఎండుమిరపకాయలు వేస్తే పురుగు రాదు.

నీది ఫ్లాటయినా బాల్కనీలో తీగబచ్చలి, తోటకూర, గోంగూర వస్తాయి. నాలుగు కుండీలతో ఇల్లు గడవదు గానీ, కూరగాయల బండి రాని వారంలో పప్పులోకి ఆకు దొరుకుతుంది. గింజ కట్టనిచ్చి దాచుకో. ఇక మీ ఊరూ వరదకు కొత్తదేమీ కాదు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగినప్పుడు ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు పట్టుకుని నూట యాభై మంది దాకా బతికారు. ఆ చెట్టును ఒకసారి చూసి రా. కొమ్మల ఎత్తు చూస్తే నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో అర్థమవుతుంది.

డాలస్ నుంచి ఒక తల్లి: 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో కరెంటు పోయి పిల్లలతో వణికిపోయాం. మళ్ళీ వస్తే కుంపటి లాంటిది వెలిగించుకోవచ్చా?

జవాబు: ఇంట్లో వద్దమ్మా, గ్యారేజీలోనూ వద్దు. ఆ చలికాలం టెక్సాస్‌లో గ్యారేజీలో కారు స్టార్ట్ చేసి, లోపల బొగ్గులు వెలిగించి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. తలనొప్పి, వాంతి, మత్తు, అంతే, నిద్రలోనే అయిపోతుంది. దాన్ని పసిగట్టి మోగే యంత్రం బ్యాటరీతో నడిచేది కొని పడగ్గది దగ్గర పెట్టుకోండి. అందరూ ఒకే గదిలో చేరి, తలుపు కింద సందుకు దుప్పటి అడ్డం పెట్టి పడుకోండి. ఇదే మాట మన దగ్గర వరండాలో జనరేటర్ పెట్టి తలుపులు మూసుకునేవాళ్ళకూ చెబుతున్నాను.

ఉద్దానం నుంచి ఒక రైతు: 2018లో తిత్లీకి కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. ఇంటికి కావాల్సినవి దాచుకుంటాం సరే, బతుకుతెరువును ఎలా దాచుకోవాలి?

జవాబు: అన్నా, నేను వ్యవసాయం చదివినదాన్ని కాదు, చూసింది చెబుతాను. పొడుగు రకం కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. అన్నేళ్ళు ఆగగలిగినవాళ్ళంతా మొక్కల మధ్య అరటో కందో కూరగాయలో వేసుకున్నవాళ్ళు, పెరట్లో నాలుగు మేకలున్నవాళ్ళు. గాలివాన వస్తుందంటే గొడ్ల కట్టుతాళ్ళు విప్పేయండి. కట్టేసిన పశువు కట్టుగొయ్య దగ్గరే పోతుంది, దివిసీమలో కళ్ళారా చూశాను. చిన్న నోట్లు ఒక మూడు వేలు పొడి డబ్బాలో ఉంచండి. టవర్ పడిపోతే ఫోనులో ఎంత డబ్బున్నా పాలప్యాకెట్ రాదు.

నాగాయలంక నుంచి పదో తరగతి విద్యార్థిని: గాలి ఆగిపోతే తుఫాను వెళ్ళిపోయినట్టేనా? మా అమ్మమ్మ అవునంటుంది, మా సైన్సు సారు కాదంటారు.

జవాబు: మీ సారు చెప్పిందే నిజం తల్లీ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదకు వచ్చినప్పుడు నేను మా అక్క వాళ్ళింట్లో ఉన్నాను. పొద్దుటి నుంచి కిటికీలు పగులుతున్నాయి. మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి నిలిచిపోయింది. జనం చెప్పులేసుకుని వీధిలోకొచ్చి, పడిన చెట్లు చూస్తున్నారు. అది తుఫాను కన్ను. చుట్టూ గాలి సుడి తిరుగుతుంటే మధ్యలో ఆ కాస్త చోటు నిమ్మళంగా ఉంటుంది. అది దాటగానే గాలి ఇందాకటికి ఎదురు దిక్కు నుంచి కొడుతుంది. అక్క ఇంట్లో అప్పటిదాకా నిలిచిన అటువైపు తలుపు రెండో గాలికి ఊడొచ్చింది. అందుకని గాలి ఆగినా, వెళ్ళిపోయిందని రేడియోలో చెప్పేదాకా కదలకూడదు.

మీ ఊరికి గాలి కంటే సముద్రమే ప్రమాదం. 1977 నవంబరు 19, శనివారం. ఆ రోజు సముద్రం లేచి ఊళ్ళ మీదకు వచ్చింది. దివిసీమలో వేలమంది పోయారు, వాళ్ళలో మా నాయనమ్మ ఒకరు. ఇంటి దూలానికి తాడు కట్టుకుని ఉంటాను, నేను రానంది. నాన్న మమ్మల్ని ఊళ్ళో ఉన్న ఒకే ఒక డాబా మీదకు ఎక్కించి ఆవిడ కోసం వెనక్కి వెళ్ళాడు. వీధి మొగదాకా కూడా పోలేకపోయాడు. మీ అమ్మమ్మను మాటలతో ఒప్పించాలని చూడకు. వచ్చే ఆదివారం సాయంత్రం చెయ్యి పట్టుకుని తుఫాను షెల్టర్ దాకా నడిపించుకు వెళ్ళు. ఎన్ని నిమిషాలు పట్టిందో చూసుకో. ఆవిడ మోకాళ్ళతో మెట్లు ఎక్కగలదా, ఎక్కడ ఆగి ఊపిరి తీసుకుంటుంది, అన్నీ గమనించు. ఇంకోసారి చీకటి పడ్డాక టార్చిలైటుతో వెళ్ళండి. ఆ షెల్టర్ తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో, వాళ్ళు ఊళ్ళో లేని రోజు ఇంకెవరి దగ్గర దొరుకుతుందో కనుక్కుని నాకు రాయి.